రాజపాళయం తెల్లకుక్క: ఇంటిని కాసే ప్రాణానికి మనం ఏం బాకీ ఉన్నాం?

పెరట్లోకి వచ్చిన నాగుపామును ఇంటి కుక్క అడ్డుకుంది, పిల్లలు బతికిపోయారు, కుక్క మాత్రం తెల్లారేసరికి చనిపోయింది. ఇలాంటి వార్త ఏటా ఏదో ఒక జిల్లా పేజీలో కనిపిస్తూనే ఉంటుంది. చదివి "ఎంత విశ్వాసం!" అనుకుంటాం, పేజీ తిప్పేస్తాం. ఆ విశ్వాసం ఎక్కడ నుంచి వచ్చింది, ఆ ధైర్యం ఎలా పనిచేస్తుంది, దాన్ని నిలబెట్టుకోవాలంటే మనవైపు నుంచి ఏం చేయాలి అనే ప్రశ్నల దాకా వెళ్లం.

ఈ ప్రశ్నలను మన పాఠకుల ముందు పెట్టడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. తెలుగువారి చేతుల్లో పెరిగి, తెలుగువారి ఊరి పేరుతో దేశమంతా పేరు తెచ్చుకున్న కాపలా కుక్క జాతి ఒకటి ఉంది. అది ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో లేదు. తమిళనాడులో, పడమటి కనుమల అడుగున ఉన్న రాజపాళయంలో ఉంది. తెల్లటి ఒళ్లు, గులాబీ రంగు ముక్కు, బంగారు రంగు కళ్లు ఉన్న ఆ కుక్కను చూడని వాళ్లు కూడా దాని పేరు వినే ఉంటారు. దాని ధైర్యం గురించి కథలు చాలా ఉన్నాయి. దాని చెవుల గురించి మాత్రం మనం తక్కువ మాట్లాడుకుంటాం. ఈ వ్యాసంలో రెండూ చెప్పుకుందాం.

రాజుల పాళెం, రాజుల కుక్క

రాజపాళయం ఇప్పుడు విరుదునగర్ జిల్లాలో ఉంది. పేరులోనే చరిత్ర ఉంది. పాళయం అంటే మన పాళెమే, అంటే దండు విడిది చేసిన చోటు. విజయనగర కాలంలోనూ ఆ తర్వాతా తెలుగు సేనానులు, వారి వెంట వచ్చిన కుటుంబాలు దక్షిణాదికి తరలివెళ్లారు. 16వ శతాబ్దంలో మదురైలో విశ్వనాథ నాయకుడు పాలన మొదలుపెట్టాక ఆ ప్రాంతాన్ని పాళెములుగా విభజించి పాళెగార్లకు అప్పగించారు. ఆ వలసల క్రమంలో వచ్చి స్థిరపడినవారే రాజపాళయం రాజులు. ఇన్ని తరాల తర్వాత కూడా వారి ఇళ్లలో తెలుగు వినిపిస్తుంది. మద్రాసు రాష్ట్రానికి 1949 నుంచి 1952 వరకు ముఖ్యమంత్రిగా, తర్వాత ఒడిశాకు గవర్నరుగా పనిచేసిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివారే.

ఊరికి పడమట అడవి, కొండ. కొండ దిగువన మామిడి తోటలు, కొబ్బరి తోటలు, పొలాలు. అడవి పంది రాత్రికి రాత్రే పంటను తవ్విపోస్తుంది. చిరుత గొర్రెల దొడ్డి చుట్టూ తిరుగుతుంది. ఇప్పుడు ఆ కొండల్లో చాలా భాగం 2021లో ప్రకటించిన శ్రీవిల్లిపుత్తూరు-మేగమలై పులుల అభయారణ్యంలో ఉంది. అంటే ఊరికీ అడవికీ మధ్య దూరం అప్పుడూ తక్కువే, ఇప్పుడూ తక్కువే. అలాంటి చోట తోటకు కంచె ఎంత అవసరమో కుక్క అంతే అవసరం.

రాజపాళయం కుక్క ఆ అవసరంలోంచి వచ్చింది. భుజం దగ్గర సుమారు 65 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు, లోతైన ఛాతీ, పొడవైన కాళ్లు, పొట్టి వెంట్రుకలు. పరుగులో వేటకుక్క, నిలబడితే కాపలా కుక్క. పాళెగార్ల కుక్క అనే పేరు కూడా దీనికి ఉంది. పూర్వం దీన్ని ప్రధానంగా అడవి పంది వేటకు వాడేవారు. కర్ణాటక యుద్ధాల్లో, పాళెగార్ల తిరుగుబాట్లలో ఈ కుక్కలు ఇంగ్లీషు సైన్యం గుర్రపుశాలల మీద పడ్డాయని చెప్పుకొంటారు. అడవిలో యజమాని మీదికి పులి వస్తే నాలుగు రాజపాళయం కుక్కలు కలిసి దాన్ని వెనక్కి తరిమాయన్న కథ కూడా ప్రచారంలో ఉంది. ఇలాంటి కథల్లో చరిత్ర ఎంత, అభిమానం ఎంత అని తూకం వేయడం కష్టం. ఒకటి మాత్రం నిజం. మనిషికీ ప్రమాదానికీ మధ్య నిలబడటం కోసమే తరాల తరబడి ఏరి పెంచిన జాతి ఇది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరమైంది. వేట పోయింది, కాపలా మిగిలింది. 2005 జనవరి 9న తపాలా శాఖ మన దేశపు కుక్కల మీద నాలుగు బిళ్లలు విడుదల చేసింది. హిమాలయ గొర్రెల కుక్క, రాంపూర్ కుక్క, ముధోల్ కుక్కలతో పాటు రాజపాళయం కుక్కకు అందులో చోటు దక్కింది. ఇటీవలి సంవత్సరాల్లో హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల సంస్థ కుక్క జాతులను అధికారికంగా నమోదు చేయడం మొదలుపెట్టినప్పుడు, రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ జాతులకు మొదటి వరుసలో గుర్తింపు వచ్చింది. కర్ణాటకలోని మనవాళ్లకు బాగల్‌కోట్ జిల్లా ముధోల్ కుక్క ఎలా తెలుసో, తమిళనాడు తెలుగువారికి ఇది అలాగే తెలుసు.

కుక్క ఎందుకు కాస్తుంది?

"తిండి పెడతాం కాబట్టి కాస్తుంది" అన్నది మనలో చాలామంది అనుకునే మాట. ఇది సగమే నిజం. తిండి పెట్టే మనిషిని కుక్క గుర్తుపడుతుంది. కానీ ప్రాణం మీదికి తెచ్చుకుని మరీ అడ్డం నిలబడటానికి తిండి ఒక్కటే చాలదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే మనుషులను మనం చూస్తూనే ఉన్నాం కదా.

కుక్క మందలో బతికే జంతువు. పుట్టిన మూడో వారం నుంచి సుమారు పన్నెండు, పద్నాలుగు వారాల వరకు దాని మనసు ఎవరు తనవాళ్లు, ఎవరు కాదు అనేది నేర్చుకుంటుంది. ఆ వయసులో ఎవరి చేతుల్లో ఆడుకుంటే వాళ్లే దానికి మంద. పసిపిల్లలు, ముసలివాళ్లు, ఇంట్లోని ఆవుదూడ, కోడి కూడా ఆ లెక్కలోకి రావచ్చు. పెద్దయ్యాక అది కాసేది ఇంటి గోడలను కాదు, ఆ వయసులో తనవాళ్లుగా రాసుకున్న వారిని. ఆ వయసులో మనిషి చెయ్యే తగలని పిల్లను తెచ్చి గొలుసుకు కట్టేస్తే అది మొరగవచ్చు, కరవవచ్చు. కానీ ఆ కరవడంలో కాపలా కంటే భయం ఎక్కువ.

ఈ బంధం మీద శాస్త్రవేత్తలు పరిశోధనలు చేశారు. 2015లో జపాన్ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో, కుక్కా యజమానీ ఒకరి కళ్లలోకి ఒకరు ఎక్కువసేపు చూసుకున్నప్పుడు ఇద్దరి ఒంట్లోనూ ఆక్సిటోసిన్ పెరిగినట్టు తేలింది. తల్లీ బిడ్డల మధ్య బంధాన్ని బలపరిచే హార్మోను అదే. మనుషులు చేతులతో పెంచిన తోడేళ్లలో మాత్రం ఆ ఫలితం రాలేదు.

2020లో అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు మరో ప్రశ్న వేశారు: యజమాని ఆపదలో ఉంటే మామూలు ఇంటి కుక్క నిజంగా సాయానికి వస్తుందా? 60 పెంపుడు కుక్కలను తీసుకున్నారు. వాటికి ప్రత్యేక శిక్షణ ఏమీ లేదు. యజమాని ఒక పెట్టెలో చిక్కుకుపోయినట్టు నటిస్తూ భయంగా కేకలు వేస్తాడు. మూడింట ఒక వంతు కుక్కలు తలుపు తెరిచి యజమానిని బయటికి తెచ్చాయి. వినడానికి తక్కువ అనిపిస్తుంది. కానీ అదే పెట్టెలో తిండి పెట్టినప్పుడు తెరిచినవి 19 మాత్రమే. అంటే చాలా కుక్కలకు ఆ తలుపు తెరవడమే రాలేదు. తిండి కోసం తెరవగలిగిన ఆ 19 కుక్కల్లో 16 యజమాని కోసం కూడా తెరిచాయి. కుక్కలో లోపించేది మనసు కాదు, తెలివిడి. ఏం చేయాలో తెలిసిన కుక్క చాలావరకు చేస్తుంది.

దీనికి రెండోవైపు కూడా ఉంది. అంతకుముందు కెనడాలో చేసిన ఒక ప్రయోగంలో యజమానులు గుండెపోటు వచ్చినట్టు నటిస్తూ కిందపడిపోయారు. పక్కనే మరో మనిషి ఉన్నా, కుక్కలు వెళ్లి ఆ మనిషి సాయం కోరలేదు. కాబట్టి సినిమాల్లో చూపించినట్టు కుక్క అన్నీ అర్థం చేసుకుని పరుగెత్తుకెళ్లి డాక్టరును తీసుకురాదు. దానికి అర్థమయ్యే ప్రమాదం వేరు. కొత్త చప్పుడు, కొత్త వాసన, తనవాళ్ల గొంతులో భయం, తనవాళ్ల వైపు కదులుతున్న ఒక ఆకారం. ఆ నాలుగూ అందితే చాలు, మిగతా పని అది చేస్తుంది.

కాపలా ఎలా సాగుతుంది?

ఇంటి కుక్క ధైర్యం ఒక్కసారిగా మీద పడటం కాదు. దానికి మెట్లు ఉన్నాయి. మొదటిది వినడం. మనకు వినపడని సన్నని, పై స్థాయి చప్పుళ్లు కుక్కకు వినిపిస్తాయి. ఎండుటాకుల మీద ఏదో పాకడం, కంచె తీగ కదలడం, గేటు గడియ మెల్లగా లేవడం. రెండోది నిక్కచూడటం. తల పైకెత్తి, చెవులు నిలబెట్టి, చప్పుడు వచ్చిన వైపు తిరుగుతుంది. మూడోది హెచ్చరిక: గుర్రుమనడం, మొరగడం, వెన్ను మీద వెంట్రుకలు లేవడం. నాలుగోది అడ్డం నిలబడటం. ఐదోది, మిగతావేవీ పనిచేయకపోతేనే, కరవడం.

మంచి కాపలా కుక్క పని చాలావరకు మూడో మెట్టు దగ్గరే ముగుస్తుంది. దొంగ వెనక్కి తిరుగుతాడు, పంది దారి మార్చుకుంటుంది, ఇంట్లోవాళ్లు లైటు వేస్తారు. రక్తం చిందకుండా రాత్రి గడిచిపోతుంది. అలాంటి రాత్రులు వార్తల్లోకి రావు. కుక్క చేసే మేలులో ఎక్కువ భాగం మన కంటపడకపోవడానికి కారణం ఇదే.

పాము విషయంలోనే ఈ మెట్లు తారుమారవుతాయి. పాము మొరుగుడుకు జడిసి పారిపోదు. మూలకు చేరి పడగ విప్పుతుంది. కుక్క వెనక్కి తగ్గదు. నోటితో పట్టి విదిలించడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. ఆ విదిలింపులో పాము తెగిపోవచ్చు, ఈలోగా కాటు కూడా పడిపోవచ్చు.

ఇక్కడ మనందరికీ తెలిసిన పంచతంత్రం ముంగిస గుర్తొస్తుంది. ఉయ్యాల్లో బిడ్డను కాపాడటానికి పామును చంపి, నోటికి నెత్తురుతో గుమ్మంలోకి వచ్చి, బిడ్డను అదే చంపిందనుకున్న ఇంటివారి చేతిలో చచ్చిపోయిన ముంగిస. ఆ కథలోని ముంగిసకు ప్రకృతి ఒక కవచం ఇచ్చింది. నాగుపాము విషం నరాల నుంచి కండరాలకు సంకేతం చేరే చోట అతుక్కుని ఆ దారిని మూసేస్తుంది. అందుకే ఊపిరి ఆగిపోతుంది. ముంగిస ఒంట్లో ఆ చోటు ఆకారం కొంచెం వేరుగా ఉంటుంది, విషం అక్కడ సరిగ్గా అతుక్కోదు. పైగా అది మహా చురుకైనది. కుక్కకు ఆ కవచం లేదు. మనిషికి విషం ఎలా ఎక్కుతుందో కుక్కకూ అలాగే ఎక్కుతుంది. కవచం లేకుండా అదే పాముకు ఎదురు వెళుతుంది కాబట్టి ఆ తర్వాతి బాధ్యత మన మీద పడుతుంది.

తెలుపు మోజు, చెవుల లోపం

ఇప్పుడు రాజపాళయం కుక్క అసలు సమస్యకు వద్దాం. పైన చెప్పిన మెట్లలో మొదటిది వినడం. ఆ మొదటి మెట్టే విరిగిపోతే?

ఈ జాతిలో జనం కోరుకునేది పాలలాంటి తెలుపు. మచ్చ ఉండకూడదు, ముక్కు గులాబీ రంగులో ఉండాలి, కళ్లు బంగారు రంగులో ఉండాలి. నిజానికి ఈ జాతిలో నల్లవి, గోధుమ రంగువి, మచ్చలవి కూడా పుడతాయి. పూర్వం అలాంటి పిల్లలను ఉంచుకునేవారు కాదని చెబుతారు. తరతరాలుగా తెల్లవాటినే తెల్లవాటితో కలిపారు. దాంతో పాటు పుట్టుచెవుడు కూడా ఈ జాతిని అంటుకుంది. మచ్చలేని తెలుపు, గులాబీ ముక్కు, లేతరంగు కళ్లు ఉన్న పిల్లల్లో చెవుడు రావచ్చన్నది పెంపకందారులకు ఎప్పటి నుంచో తెలిసిన సంగతే.

తెలుపుకూ చెవికీ ఏమిటి సంబంధం? చర్మానికి, వెంట్రుకలకు రంగు ఇచ్చే కణాలు పిండదశలో ఒకచోట పుట్టి ఒళ్లంతా ప్రయాణిస్తాయి. వాటిలో కొన్ని లోపలి చెవికి కూడా చేరాలి. అక్కడ అవి రంగు కోసం ఉండవు. నత్తగుల్ల ఆకారంలో ఉండే వినికిడి భాగంలోని ద్రవం సరైన స్థితిలో ఉండేలా చూస్తాయి. రంగు కణాలను ఆపేసే జన్యువులు బలంగా పనిచేస్తే, చర్మంతో పాటు చెవికి కూడా ఆ కణాలు చేరవు. అప్పుడు పుట్టిన కొద్ది వారాల్లోనే చెవిలోని సన్నని వినికిడి కణాలు చనిపోతాయి. ఒకసారి పోయినవి మళ్లీ రావు. మందు లేదు, ఆపరేషన్ లేదు.

ఈ సమస్య మన జాతి ఒక్కదానిదే కాదు. తెల్ల ఒంటి మీద నల్ల చుక్కలుండే డాల్మేషియన్ కుక్కలను అమెరికాలో పెద్ద సంఖ్యలో పరీక్షించినప్పుడు దాదాపు 30 శాతానికి ఒక చెవో రెండు చెవులో వినపడటం లేదని తేలింది. అయితే తెల్లకుక్కలన్నీ చెవిటివి కావు. తెలుపు రావడానికి వేర్వేరు జన్యు కారణాలు ఉన్నాయి, అన్నీ చెవి దాకా వెళ్లవు. కాబట్టి తెల్లగా ఉందని ఒక పిల్లను తోసేయడం ఎంత తప్పో, తెల్లగా ఉందన్న ఒక్క కారణంతో ఎక్కువ డబ్బిచ్చి కొనడం కూడా అంతే తప్పు.

ఒక చెవి మాత్రమే పోయిన కుక్కను గుర్తుపట్టడం చాలా కష్టం. అది పిలిస్తే వస్తుంది, చప్పుడుకు తిరుగుతుంది. కానీ చప్పుడు ఏ వైపు నుంచి వచ్చిందో దానికి తెలియదు. రాత్రిపూట తోటలో కాపలా కాసే కుక్కకు ఈ లోపం చిన్నది కాదు. అంతకంటే ముఖ్యంగా, అలాంటి కుక్కను తెలియక మళ్లీ సంతానానికి వాడితే చెవుడు తర్వాతి తరానికి చేరుతుంది.

తాతలు ఈ కుక్కను ఎంచుకున్నది దాని పని చూసి. మనం ఎంచుకుంటున్నది దాని ఫొటో చూసి. కాపలా కోసం పుట్టిన జాతిలో కాపలాకు మొదటి పనిముట్టైన చెవిని రంగు కోసం వదులుకుంటున్నాం. ఇది ఇలాగే సాగితే పేరు మిగులుతుంది, ఊరు మిగులుతుంది, తపాలా బిళ్ల మిగులుతుంది. కుక్క మాత్రం బొమ్మ అవుతుంది.

పిల్లను తెచ్చుకునే ముందు

2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కల్ని పెంచి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. నమోదు కాగితం అడగండి. తల్లిని చూపించమనండి. చూపించనివారి దగ్గర కొనకండి.

పిల్ల నిద్రపోతున్నప్పుడు దానికి కనపడకుండా, నేల అదరకుండా, గాలి తగలకుండా ఒక చప్పుడు చేయండి. చెవి కదలాలి, లేదా లేవాలి. నాలుగైదుసార్లు, వేర్వేరు చప్పుళ్లతో చూడండి. ఈ పద్ధతిలో రెండు చెవులూ పోయిన పిల్ల తెలుస్తుంది. ఒక చెవి పోయినది తెలియదు. దానికి మెదడు కాండం వినికిడి పరీక్ష ఉంది. ఐదు వారాల వయసు నుంచే చేయవచ్చు. తలమీద సన్నని సూదుల్లాంటివి పెట్టి, చెవిలో క్లిక్ శబ్దాలు వినిపించి మెదడు స్పందనను నమోదు చేస్తారు. పశువైద్య కళాశాల ఆసుపత్రిలో ఈ సదుపాయం ఉందేమో అడగండి. ముఖ్యంగా సంతానానికి వాడాలనుకున్న కుక్కకు ఈ పరీక్ష చేయించడం ఆ ఇంటికే కాదు, జాతి మొత్తానికి మేలు.

చెవిటి పిల్ల ఇప్పటికే ఇంట్లో ఉంటే వదిలేయకండి. చేతి సైగలు అది తొందరగా నేర్చుకుంటుంది. నిద్రలో ఉన్నప్పుడు హఠాత్తుగా తాకకండి, ఉలికిపడి కరవవచ్చు. ముందుగా పక్కన నేలను తట్టండి. రోడ్డు మీదికి పట్టీ లేకుండా వదలకండి. దాన్ని సంతానానికి వాడకండి. అంతకుమించి అది అన్ని కుక్కల్లాంటిదే, మీ మనిషే.

కుక్కను పాము కరిస్తే

"కుక్కకు విషం ఎక్కదు", "ఏ ఆకో తిని బాగుపడుతుంది" అనే మాటలు నమ్మకండి. కాటు వేసిన చోట కోయడం, పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం చేయకండి. కుక్కను నడిపించకండి, ఎత్తుకుని తీసుకెళ్లండి. కదిలేకొద్దీ విషం ఒళ్లంతా పాకుతుంది. నొప్పిలో ఉన్న కుక్క సొంత మనిషిని కూడా కరవవచ్చు, కాబట్టి జాగ్రత్తగా పట్టుకోండి.

నాగుపాము, కట్లపాము కాటులో రెప్పలు వాలడం, కాళ్లు తడబడటం, చొంగ కారడం, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తాయి. రక్తపింజరి, చిన్న పింజరి కాటులో వాపు, రక్తస్రావం ఎక్కువ. మనుషులకు వాడే విరుగుడు మందు ఈ నాలుగు పాములకూ పనిచేస్తుంది. పశువైద్యులు కుక్కలకు కూడా అదే వాడతారు. మందు మోతాదు ఒంటి బరువును బట్టి కాదు, ఎక్కిన విషాన్ని బట్టి ఉంటుంది కాబట్టి చిన్న కుక్కకు కూడా ఎక్కువ సీసాలు పట్టవచ్చు. అన్ని పశువుల ఆసుపత్రుల్లోనూ ఇది నిల్వ ఉండకపోవచ్చు. మీకు దగ్గరలో ఎక్కడ దొరుకుతుందో ఈరోజే ఫోన్ చేసి కనుక్కోండి, ఆ నంబరు గోడమీద రాసి పెట్టుకోండి. పాము వచ్చిన రాత్రి వెతకడానికి టైము ఉండదు.

నక్కతోనో, అడవి కుక్కతోనో, ఊరకుక్కతోనో పోట్లాడి వచ్చిన కుక్కకు పాత టీకా వేసి ఉన్నా మళ్లీ వైద్యుడికి చూపించండి. పిచ్చికుక్క వ్యాధి టీకాను మూడు నెలల వయసులో మొదలుపెట్టి వైద్యుడు చెప్పిన గడువు ప్రకారం వేయిస్తూ ఉండాలి. మనిషికి కుక్క పన్ను గీసుకున్నా సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంటిని కాసిన కుక్కే ఇంటికి రోగం తేకూడదు కదా.

నోటి నెత్తురు చూసి తీర్పు చెప్పకుండా

పంచతంత్రంలోని ఆ కథ ముంగిస ధైర్యం గురించి చెప్పేది తక్కువ. మనుషుల తొందరపాటు గురించి చెప్పేదే ఎక్కువ. ముంగిస తన పని తాను చేసింది. దాన్ని చదవడంలో ఇంటివాళ్లు తప్పారు. ఈ రోజుల్లో మనం కర్రతో కొట్టి చంపకపోవచ్చు. కానీ రాత్రి మొరిగితే నిద్ర చెడగొట్టిందని రాయి విసురుతాం. బంధువు మీద గుర్రుమంటే గొలుసుకు కట్టి వదిలేస్తాం. రాజపాళయం కుక్క సాధారణంగా కొత్తవాళ్లు తాకితే ఒప్పుకోదు. ఒకరిద్దరి మీదే ఎక్కువ మమకారం పెట్టుకుంటుంది. అది దాని తప్పు కాదు, మన పెద్దలు దాన్నుంచి కోరుకున్న గుణమే. అందుకే చిన్నప్పటి నుంచే ఇంటికి వచ్చిపోయేవాళ్లను, పక్కింటి పిల్లలను దానికి పరిచయం చేయాలి. రోజూ పరుగెత్తించాలి. గుర్రుమనడాన్ని కొట్టి మాన్పించకూడదు. గుర్రుమనడం హెచ్చరిక. హెచ్చరిక మానేసిన కుక్క నేరుగా కరుస్తుంది.

ఇక జాతి విషయం. 1980ల మొదట్లో తమిళనాడు ప్రభుత్వం చెన్నై సైదాపేటలో నాటు కుక్కల పెంపక కేంద్రం పెట్టింది. రాజపాళయం, చిప్పిపారై, కోంబై, కన్ని జాతులను అక్కడ పెంచారు. చివరికి అక్కడి కుక్కల బాగోగుల మీద వచ్చిన ఫిర్యాదులు మద్రాసు హైకోర్టు దాకా వెళ్లి ఆ కేంద్రం మూతపడింది. సర్కారు గూళ్లలో ఈ జాతి నిలవలేదు. ఇళ్లలో, తోటల్లో, మనుషుల మధ్య పుట్టిన జాతి అక్కడే నిలుస్తుంది.

కాబట్టి రాజపాళయంలోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ, ఈ కుక్కను ప్రేమగా తీసుకెళ్లిన హోసూరు, కోలారు, బళ్లారి, సోలాపూర్, బరంపురం ఇళ్లలోనూ మన తెలుగు సంఘాలు చేయగలిగిన పని ఒకటి ఉంది. ఏ కుక్క ఏ కుక్కకు పుట్టింది, రంగు ఏమిటి, రెండు చెవులూ వినిపిస్తున్నాయా అనే మూడు వివరాలతో ఒక పుస్తకం రాసిపెట్టడం. మచ్చల పిల్లకు, నల్ల పిల్లకు కూడా ఆ పుస్తకంలో చోటివ్వడం. వంశవృక్షాలు రాసుకోవడం మనవాళ్లకు కొత్త కాదు. నాలుగు వందల ఏళ్ల కిందట ఏ ఊరి నుంచి వచ్చామో, గోత్రమేమిటో, ఇంటి పేరేమిటో గుర్తుపెట్టుకున్న కుటుంబాలు, తమ గుమ్మంలో పడుకున్న ప్రాణికి మూడు తరాల వివరం రాయలేవా?

మన ఇంటి పిల్లల ఏడుపు విని ముందుగా లేచేది అదే. ఆ ఏడుపు దానికి వినపడేలా చూసుకోవడం మన వంతు.